తీగ తెగితే ఏమవుతుంది?

ఇంటి దీపాలను కంప్యూటరుకు అప్పగించిన ఒక మనుమరాలిని సిగ్నల్ మెకానిక్ అయిన తాత అడిగిన ప్రశ్న

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగి ఐఐటీ వైపు వెళ్ళేవారు సాధారణంగా పూరీ గేట్ మీదుగా పోతారు. పూరీ వైపు సాగే రైలుమార్గం రోడ్డును దాటే చోటు కనుక ఆ పేరు వచ్చింది. నేడు వాహనాలు పైవంతెన మీదుగా సాగిపోతున్నాయి. అయినా టోటో నడిపే కుర్రవాడు మొదలు కూరగాయలమ్మే అవ్వ వరకు అందరి నోటా అది గేటే. అవ్వ తెలుగులో బేరమాడిందని కొత్తవారు ఆశ్చర్యపోనక్కరలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడ కర్మాగారం నెలకొల్పిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు తరతరాలుగా ఈ ఊరిలో పాతుకొని ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వటానికి ఈ ఊరి తెలుగువారి సంఖ్యే ముఖ్యకారణమని చెప్పాలి.

ఆ గేటుకు చేరువలోనే మా మేనమామ ఇల్లు. రైల్వే సిగ్నల్ శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా మెయింటెయినరుగా పనిచేసి, విశ్రాంతి పొంది, అక్కడే చిన్న మేడ కట్టుకున్నారు. ఆయన మనుమరాలు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదువుతున్నది. వేసవి సెలవుల్లో తాతగారింటికి వచ్చి, ఇంటి దీపాలు, పంపు, గీజరు, ఫ్యాను తమంతట తామే వేళకు వెలిగి ఆరేటట్లు, ఫోను నుంచి ఆజ్ఞ ఇస్తే వినేటట్లు ఒక బోర్డు తయారుచేసింది. చూచిన వారందరూ ముక్కున వేలు వేసుకున్నారు. సంధ్య చీకటి పడగానే మెట్ల దీపం వెలిగేది. తెల్లవారుజామున పంపు తిరిగి ట్యాంకు నిండేది. మా అత్తయ్య మాత్రం, "గోడ మీద స్విచ్చులు ఎందుకు పీకేశావే?" అని ఒకసారి అడిగింది. "ఇంక వాటితో పని లేదు, నాయనమ్మా" అని అమ్మాయి జవాబు.

మూడు వారాలు గడిచాయి. ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది. పోతూ వస్తూ, వస్తూ పోతూ నాలుగైదు సార్లు ఆడించి చివరకు రెండు గంటలకు నిలకడగా వచ్చింది. అత్తయ్య లేచి స్నానాల గదికి వెళ్ళింది. దీపం వెలగలేదు. వెలిగించటానికి స్విచ్చు లేదు. గడప తట్టుకొని పడింది. మణికట్టు ఎముక విరిగింది. ఆ గొడవలో ఎవరూ పెరటి వైపు చూడలేదు. చూసేసరికి పంపు తనంతట తాను తిరుగుతున్నది. తొట్టిలో నీరెప్పుడో అయిపోయింది. మోటారు మాడిన కంపు వస్తున్నది.

నేను నాలుగు రోజుల తరువాత పరామర్శకు వెళ్ళాను. అమ్మాయి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బోర్డు బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. మావయ్య కోప్పడలేదట. ఒక్క మాట అడిగారట.

"అమ్మా, నీ బోర్డులో తీగ తెగితే ఏమవుతుంది?"

"తెగదు తాతా. అన్నీ టంకం వేసినవే."

"తెగుతుంది. తెగినప్పుడు ఏమవుతుంది, అది చెప్పు."

ఆమె వద్ద జవాబు లేదు. తరువాతి పది రోజులూ ఆ ఇంట్లో ఆ జవాబు వెదకటంతోనే గడిచాయి. ఇంజనీరింగులో ఓనమాలు తెలియని నేను, భాషాంతరీకరణ వృత్తిగా గలవాణ్ణి, ఆ పది రోజుల్లో నేర్చుకున్నది చాలా పుస్తకాలలో దొరకలేదు.

ముందు ఆ బోర్డు సంగతి చెప్పాలి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పాలని బ్రిటనులో కొందరు తలపెట్టిన పని అది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. 2014లో వచ్చిన నమూనాతో దాని అంచున 40 పిన్నుల వరుస స్థిరపడింది. ఆ ఏడాదే, ఆ పిన్నుల మీద బోర్లించి తొడిగే అదనపు బోర్డులు ఎలా ఉండాలో నియమాలు ప్రకటించారు. కంప్యూటరు నెత్తిన కూర్చుంటుంది కనుక అటువంటి బోర్డుకు హ్యాట్, అనగా టోపీ, అని ముద్దుపేరు. కొలత 65 మిల్లీమీటర్లకు 56.5. నాలుగు మూలల్లో నాలుగు మరసీలల రంధ్రాలు. 27, 28 సంఖ్యల పిన్నులకు ఒక చిన్న జ్ఞాపకపు చిప్పు కలపాలి. కంప్యూటరు మేలుకోగానే ఆ చిప్పును చదివి, "నా నెత్తిన ఉన్నది ఎవరు, ఏ పిన్నుతో దానికేమి పని" అని తెలుసుకుంటుంది. ఎవరైనా తమ అవసరానికి తగిన టోపీ కుట్టుకోవచ్చు. ఆ సొగసుకే ప్రపంచమంతటా లక్షలాది ఔత్సాహికులు మురిసిపోయారు.

టోపీ కుట్టటం కూడా ఈనాడు సులభమైంది. వలయాన్ని గీయటానికి కికాడ్ అనే ఉచిత సాధనముంది. 1992లో ఫ్రాన్సులో ఒక అధ్యాపకుడు మొదలుపెట్టిన పని అది. గీసిన పటాన్ని కర్మాగారానికి పంపితే రాగి గీతలు చెక్కిన పలక తపాలాలో వస్తుంది. ఓపిక గలవారు ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ఇంట్లోనే రాగిని కరిగించుకుంటారు. చేతులకూ బట్టలకూ పట్టిన ఆ కావిరంగు మరక వారి బిరుదు. విడిభాగాల కోసం హైదరాబాదు వారు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయినట్లే ఖరగ్‌పూర్ వారు రైలెక్కి కలకత్తా చాందినీ బజారుకు పోతారు.

కాని కంప్యూటరుకూ ఇంటి కరెంటుకూ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం. కంప్యూటరు పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, పదహారు మిల్లీ ఆంపియర్లకు మించకుండా. గోడలోని తీగలో ఉన్నది 230 వోల్టులు. అల శిఖరాన అది 325 వోల్టుల దాకా లేస్తుంది. ఈ రెంటికీ నడుమ దూతగా నిలిచేది రిలే. తీగచుట్టలో కరెంటు పారితే అది అయస్కాంతమై ఇనుపరెక్కను లాగుతుంది. రెక్క కదిలి రెండవ వలయాన్ని కలుపుతుంది. రెంటినీ కలిపేది కదలికే కాని తీగ కాదు. మజిలీ మజిలీకీ అలసిన గుర్రాన్ని వదిలి కొత్త గుర్రాన్ని ఎక్కే పాతకాలపు ప్రయాణపు పద్ధతికి ఇంగ్లీషులో పెట్టిన పేరే ఈ పరికరానికి వచ్చింది. దూరం పోయి నీరసించిన తంతి సంకేతానికి ఇది కొత్త గుర్రం.

బజారులో దొరికే అయిదు వోల్టుల చిన్న రిలే తీగచుట్టకు సుమారు 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. పిన్ను అంత ఇవ్వలేదు. కనుక నడుమ ఒక ట్రాన్సిస్టరు పెట్టి దాని చేత పని చేయించాలి. తీగచుట్టలో కరెంటు హఠాత్తుగా ఆగితే, పరుగెత్తే బండికి ఒక్కసారిగా పగ్గం బిగించినట్లు, ఎదురు వోల్టేజి లేచి ట్రాన్సిస్టరును చంపుతుంది. దానికి దారి విడవటానికి తీగచుట్టకు అడ్డంగా ఒక డయోడు ఉండాలి. ఇవన్నీ అమ్మాయి బోర్డులో ఉన్నాయి. కళాశాలలో చూపిస్తే నూటికి తొంభై మార్కులు వచ్చేవే.

మరి తప్పెక్కడ? మావయ్య ఆమె చేత ఆ రాత్రి జరిగినదంతా వరుసగా కాగితం మీద రాయించారు. ప్రమాదం జరిగితే రైల్వేలో అలాగే చేస్తారట. కరెంటు పలుమార్లు పోయి రావటంతో కంప్యూటరులోని మెమరీ కార్డు దెబ్బతిన్నది. కంప్యూటరు సగం లేచి ఆగిపోయింది. ప్రోగ్రాము నడవలేదు. దీపపు రిలేకు ఆజ్ఞ ఇచ్చేవారు లేరు కనుక దీపం వెలగలేదు. అంతవరకు తేలికగానే తెలిసింది. పంపు ఎందుకు తిరిగినట్లు?

రెండు రోజులు వెదకగా దొరికింది. ఆ కంప్యూటరు మేలుకుంటున్నప్పుడు, ప్రోగ్రాము ఇంకా రంగంలోకి రాకముందు, దాని పిన్నులు ఊరకే ఉండవు. చిప్పు లెక్కలో 0 నుంచి 8 వరకు గల పిన్నులను లోపలి నిరోధమొకటి పైకి, అంటే 3.3 వోల్టుల వైపు, లాగి పట్టుకుంటుంది. 9 నుంచి 27 వరకు గలవాటిని కిందికి, సున్నా వైపు, లాగుతుంది. ఆ లాగుడు బలహీనమైనదే. కాని ఆమె పంపుకు వాడినది మాస్‌ఫెట్ జాతి ట్రాన్సిస్టరు. దాని ద్వారానికి కరెంటు అక్కరలేదు, వోల్టేజి సోకితే చాలు. పంపును కలిపింది 5వ పిన్నుకు. అంటే ప్రతిసారీ కంప్యూటరు లేచేటప్పుడు కొన్ని క్షణాలపాటు పంపు ఆన్ అవుతూనే ఉంది. ప్రోగ్రాము వచ్చి దానిని ఆపుతూనే ఉంది. మూడు వారాలుగా ఎవరూ గమనించలేదు. ఆ రాత్రి ఆపేవారు రాలేదు.

దీనికి విరుగుడు ఒక చిన్న నిరోధం. ద్వారానికీ భూమికీ నడుమ పదివేల ఓముల నిరోధం పెడితే, లోపలి యాభైవేల ఓములు ఎంత పైకి లాగినా ద్వారం వద్ద 0.55 వోల్టుకు మించి రాదు. మాస్‌ఫెట్ కదలదు. కొన్ని పైసల వస్తువు! అది లేకపోవటం వల్ల ఒక మోటారు మాడింది. అయితే మావయ్య దానితో తృప్తి పడలేదు. "ఇది నిన్నటి తప్పుకు మందు. రేపటి తప్పుకో?" అన్నారు.

ఆ మాట వెనుక ఒక శతాబ్దంన్నర చరిత్ర ఉంది. రైళ్ళు కొత్తగా వచ్చిన కాలంలో, పట్టాల మీద బండి ఉన్నదని తెలిస్తే గంట మోగే ఏర్పాట్లు కొన్ని ఉండేవి. బ్యాటరీ అయిపోతే గంట మోగదు. మోగకపోతే దారి ఖాళీ అనుకొని బండిని వదిలేవారు. 1872లో విలియం రాబిన్సన్ అనే అమెరికన్ దీనిని తలక్రిందులు చేశాడు. పట్టాలలో నిత్యం కొద్దిపాటి కరెంటు పారుతూ ఒక రిలేను ఎత్తి పట్టుకుంటుంది. రిలే లేచి ఉంటేనే సిగ్నలు పచ్చ. బండి రాగానే దాని ఇరుసులు రెండు పట్టాలనూ కలిపివేస్తాయి, రిలేకు కరెంటు అందక రెక్క పడిపోతుంది, సిగ్నలు ఎరుపు. తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా అదే ఫలితం. పచ్చ అన్నది ప్రతి క్షణమూ సంపాదించుకోవలసిన హక్కు. ఎరుపుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

పూరీ గేట్ వంటి గేట్లకూ ఇదే నీతి. ఇంటర్‌లాక్ చేసిన గేటు మూసి తాళం పడనిదే దానిని కాచే సిగ్నలు పచ్చబడదు. సిగ్నలు తిరిగి ఎర్రబడనిదే తాళం రాదు. గేటు కాపరి నిద్రపోయినా బండి ఆగుతుందే కాని మనిషి చావడు. రైల్వే రిలేలలో ఒక తెగ ఉంది. దాని రెక్క తన బరువుతోనే కిందికి పడుతుంది, స్ప్రింగును నమ్మదు. దాని స్పర్శలలో ఒకవైపు లోహం, మరొకవైపు బొగ్గు. మెరుపు పుట్టినా రెండూ అతుక్కుపోవు. లోహానికి లోహమే తగిలే మరొక తెగ రిలేలు అతుక్కుపోవచ్చు కనుక, అవి నిజంగా పడ్డాయో లేదో వలయమే ఋజువు చూసుకొని కాని తరువాతి అడుగు వేయదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డులో రిలేల స్థానాన్ని ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు ఆక్రమించింది. సుమారు 800 మార్గాలను నడిపే ఆ బ్రహ్మాండమైన వ్యవస్థలో కంప్యూటర్లు వచ్చాయి, రిలేల టకటకలు తగ్గాయి, నీతి మాత్రం మారలేదు.

ఇంగ్లీషులో ఫెయిల్-సేఫ్ అనే ఈ గుణానికి తెలుగు మాట కోసం నేను చాలాసార్లు తడుముకున్నాను. వైఫల్య సురక్షితం అని నిఘంటువుల బాణీలో రాసి నాలుక కరచుకున్న సందర్భాలూ ఉన్నాయి. మావయ్యను అడిగితే చుట్ట పక్కన పెట్టి, "చెడినా చెరపనిది" అన్నారు. అనువాదకుడికి అంతకన్న ఏం కావాలి?

అయితే అమ్మాయి ఇక్కడే ఒక మంచి అభ్యంతరం లేవదీసింది. రైలు విషయంలో ఆగటం ఎప్పుడూ క్షేమమే. ఇంట్లో అలా కాదు. పంపు ఆగితే క్షేమం. గీజరు ఆగితే క్షేమం. స్నానాలగది దీపం ఆగితే నాయనమ్మ చెయ్యి విరుగుతుంది. "ఇంటికి ఒకే ఎరుపు లేదు తాతా!" మావయ్య ముఖం వెలిగిపోవటం నేను చూశాను. నోటు పుస్తకం తెప్పించి, పలక గీయకముందే, ఒక్కొక్క వస్తువుకూ ఎదురుగా "ఇది చెడితే ఏది క్షేమం" అని రాయించారు. నా దృష్టిలో ఆ బోర్డు రూపకల్పన పూర్తయింది ఆ పుటలోనే. మిగిలినదంతా టంకం.

మెట్ల దీపానికీ స్నానాలగది దీపానికీ దొరికిన పరిష్కారం అందమైనది. మేడ మెట్లకు కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు ఉండి, దేనితోనైనా దీపాన్ని వెలిగించే, ఆర్పే టూవే పద్ధతి మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. రిలేకూ టూవే స్విచ్చు వలె మూడు కొనలున్నాయి: నడిమిది, కరెంటు లేనప్పుడు దానికి తగిలి ఉండేది, కరెంటు వచ్చినప్పుడు తగిలేది. కనుక రెండు స్విచ్చులలో ఒకటిగా రిలేనే పెట్టవచ్చు. రెండవది గోడ మీద, మనిషి చేతికి అందే చోట ఉంటుంది. కంప్యూటరు బతికి ఉన్నప్పుడు ఇద్దరూ యజమానులే. అది చచ్చిన నాడు రిలే ఒకవైపు పడి ఉంటుంది, గోడ మీది స్విచ్చు యథాప్రకారం దీపాన్ని వెలిగిస్తుంది, ఆర్పుతుంది. గోడ స్విచ్చు పీకేయటం తన మొదటి పాపమని అమ్మాయి అప్పుడు ఒప్పుకుంది.

కాని ఒక చిక్కు వచ్చింది. మనిషి కూడా స్విచ్చు నొక్కగలిగినప్పుడు, దీపం వెలిగి ఉన్నదో ఆరి ఉన్నదో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? తాను రిలేను ఎత్తానా దించానా అన్నదే దానికి తెలుసు. సిగ్నల్ శాఖ మాటల్లో చెప్పాలంటే ఇక్కడ ఋజువు కావాలి. దీపానికి పోయే తీగ మీద రెండు నిరోధాలనూ, కాంతి ద్వారా మాత్రమే అవతలికి కబురు చెప్పే ఆప్టోకప్లరు అనే చిప్పునూ పెట్టారు. దీపానికి కరెంటు అందితే చిప్పులోని సూక్ష్మదీపం వెలుగుతుంది. అవతలి పక్క దానిని చూసి కంప్యూటరుకు చెబుతుంది. ఆజ్ఞ ఇచ్చి ఊరుకోకుండా, పని జరిగిందో లేదో చూసి నమ్మే బోర్డు అయింది.

ఇంటికి తెలివి నేర్పాలన్న కోరిక కొత్తది కాదు. 1966లో వెస్టింగ్‌హౌస్ ఇంజనీరు జిమ్ సదర్లాండ్, పనికిరాక మిగిలిన భాగాలతో ఎకో ఫోర్ అనే పెద్ద కంప్యూటరు కట్టి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. 1975లో స్కాట్లాండు గ్లెన్రాథిస్‌లోని పైకో ఎలక్ట్రానిక్స్ వారు ఎక్స్-10 పద్ధతిని రూపొందించారు. ఇంటి విద్యుత్తీగల మీదనే, వోల్టేజి సున్నాను దాటే క్షణాన, 120 కిలోహెర్ట్జుల సన్నని సంకేతాన్ని పంపి దీపాలకు ఆజ్ఞలిచ్చే యుక్తి అది. తరువాతి కాలంలో ఆజ్ఞ తీగను వదిలి ఇంటర్నెట్టు మీద ప్రయాణం మొదలుపెట్టింది. అక్కడే తీగ మరీ పొడవైపోయింది. 2016 మే 15న రివాల్వ్ అనే కంపెనీ పరికరాలు, దానిని కొన్న పెద్ద సంస్థ సర్వర్లను ఆపివేయటంతో, ఇళ్ళలో ఇటుకల వలె మిగిలిపోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుమాట లేకుండా మూగబోయాయి. డబ్బిచ్చి కొన్న దీపం ఏ ఖండంలోనో ఉన్న కంపెనీ జమాఖర్చుల మీద ఆధారపడి వెలగటం విడ్డూరం కాదూ? 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఇంట్లోనే, ఇంటి కంప్యూటరు మీదనే నడవటానికి ఇదొక కారణం. అమ్మాయి వాడినదీ అదే. ఆ విషయంలో ఆమెకు మొదటి నుంచీ నూటికి నూరు మార్కులు.

పంపు కథ వేరు. ఒక హార్సుపవరు మోటారు, నడిచేటప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకున్నా, లేచే క్షణంలో దానికి అయిదారు రెట్లు మింగుతుంది. చిన్న రిలే నుదుట పది ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ ఉప్పెనకు స్పర్శలు కరిగి అతుక్కుంటాయి. అతుక్కున్న రిలేకు ఎవరు ఆజ్ఞ ఇచ్చినా విడివడదు. బొగ్గు స్పర్శల రైల్వే రిలే ఇంటికి దొరకదు. కనుక చిన్న రిలే మోటారును స్వయంగా నడపకుండా, మోటార్లకని చేసిన కాంటాక్టరును మాత్రం ఎత్తుతుంది. ఆ కాంటాక్టరు తీగచుట్ట దారిలోనే తొట్టి నీటి మీద తేలే స్విచ్చు ఉంది. నీరు అడుగంటితే అది వలయాన్ని తెంపుతుంది. కంప్యూటరును అడగదు, దానికి చెప్పదు.

ఇక మిగిలింది అసలు భయం. ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ, పిన్నును పైన పెట్టి, అక్కడే గడ్డకట్టుకుపోతే? నిరోధం ఏమీ చేయలేదు. పిన్ను తానే గట్టిగా పైకి పట్టుకొని ఉంది. దీనికి వారు పట్టిన ఉపాయం ఎలక్ట్రానిక్ సిగ్నలింగులో వాడుకలో ఉన్నదే. పంపు నడవాలంటే పిన్ను పైన ఉంటే చాలదు. గుండె కొట్టుకున్నట్లు పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. పిన్నుకూ మాస్‌ఫెట్ ద్వారానికీ నడుమ ఒక కెపాసిటరు, రెండు డయోడ్లు. కెపాసిటరు నిలకడ వోల్టేజిని పోనివ్వదు, మారేదానినే పోనిస్తుంది. ఒక్కొక్క చప్పుడూ ఒక్కొక్క దోసెడు విద్యుత్తును అవతలి చిన్న కుండలో పోస్తుంది; ఆ కుండకు నిరోధమనే చిల్లు ఉంది. చప్పుళ్ళు ఆగితే ఒకటి రెండు క్షణాల్లో కుండ ఖాళీ, రిలే పడిపోతుంది. ప్రోగ్రాము పైన గడ్డకట్టినా, కింద గడ్డకట్టినా, తీగే తెగినా ఫలితమొక్కటే. పట్టాల మీద రాబిన్సన్ చేసినదే ఇక్కడ మరొక వేషంలో వచ్చింది. మాస్‌ఫెట్టే లోపల కాలి రెండు కొనలూ ఏకమైతే ఈ గుండెచప్పుడూ ఆపలేదని మావయ్య గుర్తుచేశారు. అప్పటికి తేలే స్విచ్చే గతి.

గీజరుకూ అదే చప్పుడు, దాని సొంత థర్మోస్టాటు అదనంగా. గోడ స్విచ్చు ఇక్కడ టూవే కాదు. రిలేతో వరుసలో ఉంటుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే నీళ్ళు కాగుతాయి. ఫ్యానును ఏ వైపు పెట్టాలో తాతామనుమరాళ్ళు ఒక పూటంతా వాదించుకొని తేల్చుకోలేదు. ఫ్రిజ్ జోలికి పోకూడదని మాత్రం ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

పలక విషయంలో నాకు నచ్చిన నిర్ణయం మరొకటి. మొదటి బోర్డులో 230 వోల్టులనూ కంప్యూటరునూ ఒకే టోపీలో ఇరికించింది. 65 మిల్లీమీటర్ల పలక మీద ఆ రెండు లోకాలనూ ఎడం పెట్టటం సాధ్యమే కాని క్షేమం కాదు. దుమ్ము, తేమ, బల్లి ఆ ఎడాన్ని దాటగలవు. ఈసారి టోపీ మీద మాస్‌ఫెట్‌లు, కెపాసిటర్లు, జ్ఞాపకపు చిప్పు మాత్రమే. రిలేలు వేరే పలక మీద, మూత గల పెట్టెలో, స్విచ్‌బోర్డు దగ్గర. ఆ పలక మీద గృహ విద్యుత్తు గీతలకూ చిన్న వోల్టుల గీతలకూ నడుమ ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ. రిలే కింద పలకనే చీల్చి గాలిసందు. బోర్డుకు ముందు ఫ్యూజు, ఇంటి ముఖద్వారాన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. గోడలోని తీగల పని అమ్మాయి చేయలేదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత చేయించారు. పాఠకులలో ఎవరికైనా ఇటువంటి ఉత్సాహం ఉంటే ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చదవమని ప్రార్థన.

నేను తిరుగు ప్రయాణం కట్టవలసిన నాటి సాయంత్రం పరీక్ష జరిగింది. మావయ్య కుర్చీ వేసుకొని కూర్చున్నారు. చేతిలో నోటు పుస్తకం, చెవి మీద పెన్సిలు. అమ్మాయి ఒక్కొక్క తీగనే పీకుతున్నది; ఆయన టిక్కు పెడుతున్నారు. టోపీకీ రిలే పెట్టెకూ నడిమి తీగ. పంపు ఆగింది, టిక్కు. అయిదు వోల్టుల తీగ. గీజరు ఆగింది, టిక్కు. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో స్తంభింపజేసింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోగా పెరట్లో కాంటాక్టరు టక్కుమని పడింది. ఆ శబ్దానికి ముసలాయన తల ఎత్తారు. రిలే రూములో అటువంటి శబ్దాలు వేలు విన్న మనిషి.

చివరకు మెమరీ కార్డునే పీకి ఆయన చేతిలో పెట్టింది. కంప్యూటరు చచ్చింది. అప్పటికి బాగా చీకటి పడింది. గేటు అవతల దక్షిణానికి పోయే బండి కూత వినబడుతున్నది.

"నాయనమ్మా, ఒకసారి స్నానాలగదికి వెళ్ళు."

అత్తయ్య కట్టు ఉన్న చేతిని కొంగులో దాచుకొని లేచింది. ఎడమచేత్తో గోడ తడిమింది. దీపం వెలిగింది.

"ఇది మొదటే ఉండేదిగా," అంది ఆవిడ, తలుపు వేసుకుంటూ.

మావయ్య చివరి టిక్కు పెట్టి, పుట తిప్పి, ఫ్యాను అని రాసి ఉన్న గడి వైపు చూశారు. అది ఇంకా ఖాళీగానే ఉంది.